అన్నం మెతుకులతో అతికించిన పేజీలు

పెద్దమ్మ పోయాక ఆమె పెట్టెలో నా చిన్ననాటి కథల పుస్తకం దొరికింది. తెరవగానే ముక్కిన అన్నం వాసన.

పిల్లలు లేని ఆమె నన్ను మూడేళ్ళప్పుడు కోదాడలో అమ్మ దగ్గర నుంచి సూర్యాపేటకు తెచ్చి సాదుకుంది. ఆ పుస్తకంలో రెండు పేజీలను మెతుకులతో అతికించింది.

"అండ్ల దయ్యం ఉన్నది బిడ్డా, ఇప్పకు. బయటికొస్తే నిన్ను ఎత్కపోతది," అనేది.

చెవి ఆనిస్తే లోపల ఎవరో గీరుతున్నట్టు వినిపించేది.

నిన్న చాకుతో ఆ పేజీలు విడదీశాను. దయ్యం లేదు, కథలోని బొమ్మ ఉంది. గడపలో ఒక్కతే నిలబడ్డ పెంచిన తల్లి, వెనక్కి చూడకుండా కన్నతల్లి దగ్గరికి వెళ్ళిపోతున్న పిల్లవాడు.

ఎండిన మెతుకుల మీద పెద్దమ్మ బొటనవేలి గుర్తు ఇంకా ఉంది. వంటింట్లోంచి నాలుగు మెతుకులు తెచ్చి, పేజీలు మూసి, అక్కడే నొక్కి పట్టాను. చెవి ఆనించే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు.