మామయ్య కొట్టిన గుర్తు

మా మామయ్య లేత్ మేస్త్రీ. నట్టయినా, నీళ్ళ పంపు ఇరుసయినా, తాను చేసిన వస్తువు మీద చిన్న నక్షత్రం గుర్తు కొట్టనిదే బయటికి పంపేవాడు కాదు. "రేపు విరిగితే ఎవణ్ణి తిట్టాలో తెలియొద్దూ?" అనేవాడు.

అల్లుణ్ణి సైనికులు జీపెక్కించుకుపోయాక పదకొండు అర్జీలు పెట్టాడు. కోర్టుకెళితే తాళం. ఊరేగింపుకెళితే నాలుగు శవాలు. పదకొండో అర్జీ విప్పకుండానే వెనక్కొచ్చింది.

ఎదురింటి లెక్చరర్ గారు ఆ సాయంత్రం కూడా మా అరుగు మీద టీ తాగుతూ, "ఆయుధం ఆఖరి మార్గమే కావాలి మేస్త్రీ. ఆ ఆఖరు ఇంకా రాలేదు" అన్నారు. రెండేళ్ళుగా అదే పాట. ఆఖరు గారు తలుపు తట్టి తమను తాము పరిచయం చేసుకుంటారని ఆ మహానుభావుడి నమ్మకం కాబోలు!

"మీ అల్లుడు ఇంట్లోనే ఉన్నాడుగా మాస్టారూ" అన్నాడు మామయ్య.

జైలు బద్దలుకొట్టి అల్లుణ్ణి తెస్తామన్న తిరుగుబాటుదారులకు మర్నాటి నుంచి తుపాకీ గొట్టాలు చేసిపెట్టాడు. ఆరు. ఆరింటి మీదా నక్షత్రం కొట్టాడు!

అత్తయ్య లబలబలాడింది. "మతి ఉండే చేస్తున్నారా? అది మిమ్మల్ని పట్టిస్తుంది!"

"దీంతో ఎవడు చస్తాడో నాకు తెలీదు. వాడి తల్లి వచ్చి అడిగితే, నేనేనని చెప్పేవాడు ఒకడుండాలిగా."

ఇంత మొండిమనిషిని ఏమనాలి? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దాడిలో ఒక కాపలావాడు చనిపోయాడు. అల్లుడు జైల్లో లేనేలేడు, ఎప్పుడో చంపేశారట. దొరికిన గొట్టం పట్టుకుని సైనికులు ఇల్లిల్లూ తిరిగారు. ఊరేగింపులో జనాన్ని కాల్చిన తుపాకులు ఎవరివో మాత్రం ఎవరూ, ఎవరినీ అడగలేదు.

"నాదే" అన్నాడు మామయ్య, చేతుల నూనె తుడుచుకుంటూ. జీపెక్కుతూ ఒకటే అడిగాడు: "ఆ కాపలావాడికి తల్లి ఉందా?"

మళ్ళీ రాలేదు.

నెల తిరక్కుండానే లెక్చరర్ గారు వ్యాసం పట్టుకొచ్చారు. మామయ్య వీరత్వం గురించీ, ఆయుధం తప్పనిసరి అయ్యే ఘడియ గురించీ ఎనిమిది పేజీలు. విదేశీ పత్రికకు పంపుతారట. అత్తయ్య ఓపిగ్గా చదివి, చివరి కాగితం వెనక్కి తిప్పి చూసింది.

"బావుంది మాస్టారూ. మీ పేరు ఎక్కడా లేదేం?"

"దానికింకా సమయం రాలేదమ్మా" అన్నారాయన.