నిండు బఫర్ తొణకదు

ముందే చెప్తున్నాను, నేను గోరంతని కొండంత చేసే రకం. కొండ దొరికితే దానిమీద కోట కూడా కడతాను. ఆ తరుగు తీసేసి తూచుకున్నా సరే, దుబాయ్ ఎడారిలో ఆ రోజు నాకు జరిగిన భంగపాటు బరువేమీ తగ్గదు.

కరోనా ఆంక్షలు సడలిన కొత్తలో మా ఆఫీసువాళ్లు రైఫిల్ క్లబ్బులో జరిగే షూటింగ్ పోటీకి జట్టు కట్టారు. జట్టులో ఒక్క చోటు మిగిలింది, ఐదు గుండ్లు ముందు పేల్చినవాళ్లదే అది. దానికి ఇద్దరం: నలభై దాటిన కుర్రాణ్ణి నేనూ, అదే ఆఫీసులో అకౌంట్స్ చూసే మా ఆవిడ సరళా. ఓడితే ఇంట్లో నా పరువేమవుతుందో పెళ్లయినవాళ్లకి వేరే చెప్పాలా?

క్లబ్బువి పొడుగు గొట్టం రైఫిళ్లు. ఒకటి పేల్చగానే తర్వాతి గుండు దానంతటదే ఎక్కుతుంది. భుజానికి ఆనే భాగంలో ఒక స్ప్రింగు, దాని ముందు బఫర్ అనే లోహపు దిమ్మ ఉంటాయి. పేలిన ఊపు ఆ దిమ్మని వెనక్కి తోస్తుంది, స్ప్రింగు ముందుకు విసురుతుంది, ఆ విసురుకే కొత్త గుండు ఎక్కుతుంది.

కోచ్ యూసుఫ్ పెషావర్ మనిషి. తేలికది, మధ్యరకం, బరువైనది, మూడు బఫర్లు బల్లమీద పెట్టి, "బీచ్ వాలా లేలో, భాయ్ సాబ్" అని మధ్యదాన్ని చూపించాడు. సరళ బుద్ధిగా అదే తీసుకుంది.

నేను ఊరుకుంటానా? రోలా బజారులో స్టీలు గిన్నెలు కొన్న చెయ్యి నాది! మూడింటినీ అరచేతిలో ఎగరేసి తూచాను.

"ఏవండీ, అవి గిన్నెలు కావు."

"నీకు తెలీదు, ఊరుకో. బరువున్నదే నాణ్యం. నిండు కుండ తొణకదు, బరువు బఫర్ బెణకదు!"

"హమారీ గోలీ హల్కీ హై, భాయ్!" యూసుఫ్ తల పట్టుకున్నాడు. తేలిక గుండు ఇంత దిమ్మని పూర్తిగా వెనక్కి తోయలేదని అతని బాధ.

"తోస్తుంది. నా చేతిలో ఉంటే తోసి తీరుతుంది," అన్నాను, గుండుకి జీతం నేనే ఇస్తున్నట్టు.

"యల్లా!" ఇక కానివ్వండని చెయ్యి ఊపాడు యూసుఫ్.

ఢాం! భుజానికి దూదిపింజ తగిలినట్టుంది. మీసం మెలేసి సరళ వైపు చూశాను. మళ్లీ నొక్కాను. శ్మశాన నిశ్శబ్దం. చేత్తో పిడి లాగి నొక్కాను. ఢాం! మళ్లీ శ్మశానం.

"ఏమైందండీ?"

"రైఫిల్ ఆలోచిస్తోంది!"

పక్కన ఆవిడ పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఐదూ పేల్చేసి, చల్లగా మంచినీళ్లు తాగుతోంది. నేను కిరసనాయిలు స్టవ్వుకి గాలి కొడుతున్నట్టు పిడి లాగుతూనే ఉన్నాను. మూడోది పేలేలోపు, అయిపోయిందని యూసుఫ్ కేకేశాడు:

"ఖలాస్!"

"బఫర్ మార్చి ఇంకోసారి పెట్టండి!"

"చేతులు కాలాక ఆకులూ, పోటీ అయ్యాక బఫర్లూనా?" అంది సరళ. జట్టులో చోటు ఆవిడదే.

"గల్తీ కిస్‌కీ, భాయ్ సాబ్?" అన్నాడు యూసుఫ్.

"తప్పు నాదే, ఉస్తాద్," అని తల వంచాను.

కాబట్టి ఎడారి ఇసుక సాక్షిగా శపథం చేస్తున్నాను: నిక్షేపంలాంటి బరువు బఫర్‌ని ఇంకెప్పుడూ క్లబ్బువాళ్ల అర్భకపు గుండుకి జత చెయ్యను. ఈసారి గుండే మార్పిస్తాను!

ఇందులో కల్పన ఎంతంటారా? రైఫిల్ మొరాయించింది నిజం, ఖలాస్ నిజం. మా ఆవిడ చదువుతుంది కదాని, తప్పు నాదే అని తల వంచినట్టు రాశాను చూడండి, అదొక్కటే కల్పన.