ఇబ్తిసామ్ వంతు పొట్లం

పోర్ట్ సయీద్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే సనియ్యాకు చక్కెర జబ్బు ఇంకా రాలేదు, గుమ్మందాకా వచ్చి నిలబడింది. ఇప్పుడే నోరు కట్టుకుంటే తప్పించుకోవచ్చని ఫ్యాక్టరీలో పెట్టిన వైద్య క్యాంపుకొచ్చిన డాక్టరమ్మ చెప్పింది. సనియ్యా తాను తీపి మానేసి ఊరుకోలేదు. టీలో మూడేసి చెంచాల పంచదార వేసుకునే వాళ్లందరి వెంటా పడింది. ముఖ్యంగా టీ కాచే ఫౌజియా వెంట. ఫౌజియాకు ఆ జబ్బు ఏనాడో వచ్చింది. అయినా ఎవరు తీపి పెట్టినా కాదనదు. "నిన్ను చూసైనా మేం బుద్ధి తెచ్చుకోవాలక్కా" అని సనియ్యా ఒకసారి అందరి ముందూ అనేసింది. ఫౌజియా నవ్వి ఊరుకుంది.

సనియ్యా కుట్టే లైనులోనే పనిచేసే షైమాకు కొడుకు పుట్టాడు. ఏడోరోజు వేడుక పొట్లాలు అందరికీ పంపింది. పంచదార పూత బాదం, వేయించిన శనగలు, చాక్లెట్లు. అదే లైనులో కుట్టే ఇబ్తిసామ్ ఆ రోజు జ్వరంతో పనికి రాలేదు, తన వంతు దాచమని ప్రత్యేకంగా కబురు పెట్టింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె కడుపు పండలేదు. పసిబిడ్డ పేరు మీద పంచిన తీపి తింటే మంచి జరుగుతుందని ఆమె ఆశ. తీపి ముట్టని మనిషి దగ్గరైతే భద్రంగా ఉంటుందని ఆ పొట్లాన్ని సనియ్యా చేతికిచ్చారు.

మర్నాడు కాలర్ల మొనలు వంకరగా ఉన్నాయని సరుకంతా వెనక్కి వచ్చింది. సూపర్‌వైజర్ మాహిర్ సనియ్యా కుర్చీ వెనకే నిలబడ్డాడు. మధ్యాహ్నం రొట్టె తినడానికి కూడా లేవనివ్వలేదు. అతను పక్క లైనుకు వెళ్లినప్పుడల్లా సనియ్యా చెయ్యి పొట్లం ఉన్న సంచిలోకి వెళ్లింది. ఒక బాదం, మళ్లీ ఒకటి. రుచి కూడా తెలియలేదు. సాయంత్రానికి చేతికి ఖాళీ కాగితం తగిలింది.

తర్వాతి రోజు ఇబ్తిసామ్ వచ్చి అడిగింది. టీ గది అరలో పెట్టానని సనియ్యా నోటికొచ్చింది చెప్పింది. అక్కడ లేదు. అందరూ ఫౌజియా వైపు తిరిగారు.

"గోడ సున్నం తియ్యగా ఉంటే అది కూడా నాకేస్తావు కదక్కా నువ్వు," అంది ఒకామె. లైనంతా నవ్వింది. ఇబ్తిసామ్ మాత్రం నవ్వలేదు.

"నేను తీయలేదమ్మా," అంది ఫౌజియా, ఒక్కసారే. ఎవరూ నమ్మలేదు. ఆమె గ్లాసులు ఏరుకోసాగింది.

సనియ్యా తల వంచుకుని కుట్టుకుంటూ పోయింది. కాసేపటికి కాలు మెషీన్ పెడల్ మీద ఆగిపోయింది. కాలర్లు ఆమె దగ్గర పేరుకుపోయి ఆమె తర్వాత కుట్టేవాళ్లకు పని అందలేదు. లైను నిలిచిపోయింది. ఏమైందని అరుస్తూ మాహిర్ వచ్చాడు.

సనియ్యా లేచి నిలబడింది. "అరలో పెట్టలేదు. నేనే తిన్నాను."

"ఒక్క బాదమైనా మిగల్లేదా?" అంది ఇబ్తిసామ్ మెల్లగా.

"లేదు."

ఫౌజియా ట్రే పట్టుకుని దగ్గరికి వచ్చింది. "తిన్నందుకు నాకేం కోపం లేదే. తిండి దగ్గర నేనేం గొప్పదాన్ని కాను. వాళ్లంతా నా మొహం చూస్తుంటే నువ్వు కూర్చుని కాలర్లు కుట్టుకున్నావు చూడు, అదే బాధ."

మాహిర్ మెషీన్లు నడపమన్నాడు. నడిచాయి. సనియ్యా సూదిలో దారం తెగింది. మళ్లీ ఎక్కించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.