పరిశోధనకు మాత్రమే

ఆ రోజు బెంగళూరులో రైలెక్కినప్పుడు నా ఒళ్లో చిన్న థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో ఐస్ ప్యాకుల మధ్య ఒక డబ్బా, డబ్బాలో చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టాలు. వాటిలో ఉన్నది చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. మన ఒంట్లో కణాల మీద ఉండి, వాపు పుట్టించే సంకేతాన్ని పట్టుకునే రిసెప్టర్ ప్రొటీన్ అది. దాని జన్యువును వేరే కణాల్లో పెట్టి, వాటిని పెంచి, ఆ ప్రొటీన్‌ను శుద్ధి చేసి తీయడం మా ల్యాబులో నా పని. అనంతపురంలో మాతో కలిసి పనిచేసే ల్యాబుకు దాన్ని చేర్చాలి. కొరియర్‌లో వేస్తే ఎండకు పాడవుతుందేమోనని నేనే తీసుకెళ్తానన్నాను.

హిందూపురం స్టేషన్లో నాయన కిటికీ దగ్గరికొచ్చి టిఫిన్ డబ్బా అందించాడు. "ఏం పాపా, దాన్ని చంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండావే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పెనుకొండలో రైలు ఆగిపోయింది. ముందెక్కడో సిగ్నల్ చెడిందన్నారు. ఎండ నేరుగా పెట్టె మీద పడుతుంటే చున్నీ కప్పాను. మూత తీస్తే చల్లదనం పోతుంది, తీయకపోతే లోపల ఐస్ మిగిలిందో లేదో తెలియదు. ధర్మవరం చేరేసరికి సాయంత్రమైంది. అప్పుడు అనంతపురం పోయినా ల్యాబు మూసేసి ఉంటుంది. అక్కడే దిగి చిన్నమ్మ ఇంటికి పోయాను.

చిన్నమ్మ, చిన్నాయన పట్టుచీరలు నేస్తారు. కొన్నాళ్లుగా మగ్గం మీద చిన్నాయన ఒక్కడే కూర్చుంటున్నాడు. చిన్నమ్మకు కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు వంగవు, పోగు పట్టుకోలేదు. నేను గొట్టాల డబ్బాను వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అన్నం తింటుంటే చిన్నాయన అడిగాడు. "అందులో ఏముండాది పాపా?"

చెప్పాను. ఆయన ముద్ద కలపడం ఆపేశాడు.

"వాపును పట్టుకునేదా? పెద్దాసుపత్రి డాక్టరు మీ చిన్నమ్మకు ఒక సూది మందు సంగతి చెప్పినాడు. మాత్రలు పని చేయకుంటే అది వేద్దామన్నాడు. అదీ ఇదీ ఒకటేనా?"

"జాతి ఒకటే చిన్నాయనా. కానీ ఇది మనుషులకు ఇచ్చేది కాదు, ల్యాబులో పరీక్షలకు. సూది మందంత శుభ్రంగా చేసింది కాదు, రక్తంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది."

"ఊఁ" అన్నాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

తెల్లారి స్నానం చేసొచ్చి ఫ్రిజ్ తెరిస్తే పాలు, పూలు, పచ్చిమిరపకాయలు కనిపించాయి. డబ్బా లేదు. మగ్గం దగ్గర చిన్నాయన లేడు.

"చిన్నమ్మా, చిన్నాయన యాడికి పోయినాడు?"

"పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గరికంట. నన్నూ రమ్మన్నాడు. కాళ్లు ఊనుకోలేక ఈడనే ఉండా. ఏమాయ?"

తడి జుట్టుతోనే పరుగెత్తాను. ఆ వీధి అంత పొడుగుందని నాకు అంతకుముందు తెలియదు. ఒంట్లోకి ఎక్కించేసి ఉంటే ఎంత ఎక్కించి ఉంటారు, జ్వరం ఎప్పుడు మొదలవుతుంది, ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలి, అక్కడ డాక్టరుకు ఏమని చెప్పాలి?

క్లినిక్కులో చిన్నాయన బెంచీ మీద చొక్కా చేయి పైకి మడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆర్‌ఎంపీ గొట్టాన్ని లైటు కిందికి పట్టి, దాని మీది అక్షరాలు చదవడానికి తంటాలు పడుతున్నాడు. "డాక్టరు చీటీ లేకుండా ఇట్లాంటిది నేనెట్ల వేసేది అప్పా" అంటున్నాడు. నేను ఆయన చేతిలోంచి గొట్టం లాగేసుకున్నాను. మూత ఇంకా బిగించే ఉంది.

"చిన్నమ్మకు వేయించాలనా చిన్నాయనా?" అని అడిగాను.

"ఊరికే దానికెట్ల వేయిస్తా? ముందు నాకే వేయమన్నా. నాకేం కాకుంటే అప్పుడు దానికి వేద్దామని." చొక్కా చేయి కిందికి దించుకున్నాడు. "రాత్రంతా మూలుగుతాది పాపా. నీకు వినపడదు, పక్కనుండేవానికి తెలుస్తాది."

తిట్టాలని పరుగెత్తిన దాన్ని, ఆయన పక్కన కూలబడ్డాను.

ఇంట్లో చెప్పక తప్పలేదు. చిన్నమ్మ చిన్నాయన చొక్కా చేయి పైకి జరిపి చూసింది. "నీకేమన్నా అయ్యింటే నేనేం కావల్ల?" అని ఒక్క మాటే అని, అటు తిరిగి కూర్చుంది.

డబ్బా వెచ్చబడిపోయింది. ల్యాబులో మా రీసెర్చ్ గైడుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "ముందు మీవాళ్లు బాగున్నారా?" అని అడిగి, వాటిని వాడొద్దు, తిరిగి తెచ్చేయమన్నారు. కొత్త బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఆ వారంలోనే వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి పోయాను. డాక్టరును చిన్నాయనే అడిగాడు, ఆ సూది ఎవరికి వేస్తారు, వేసే ముందు ఏం చూస్తారు, ఏమన్నా అయితే ఏం చేస్తారు అని. డాక్టరు విసుక్కోకుండా చెప్పి, మాత్రలు మార్చారు. సూది అవసరం ఇంకా రాలేదు. చిన్నమ్మ వేళ్లు కొంచెం వంగుతున్నాయి, అన్ని రోజులూ కాదు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చినప్పుడల్లా చిన్నాయన ఫోటో తీసి నాకు పంపుతాడు. నేను డాక్టర్ని కానని తెలుసు. అయినా నేను చూసి జవాబిచ్చేదాకా ఆయనకు కుదురుండదు. రిపోర్టు తెరిచేదాకా నాకూ ఉండదు.