ఖాలా నునుపు చేయించిన గది

పోయిన శుక్రవారం పొద్దున ఖాలా కోడలు ఫోన్ చేసింది. "అత్త పోయిందక్కా. నిద్రలోనే." నేను నెల్లూరులో పిల్లలకు పాఠం చెబుతున్నాను. బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తిచేసి, వరండాలోకి వచ్చి ఏడ్చాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. నాకు చుట్టమేమీ కాదు. ఆత్మకూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకున్నాను. ఆమె పుట్టిల్లు ఉదయగిరి, చెక్కతో గరిటెలూ స్పూన్లూ చేసే ఇల్లు. నేను కొండాపురం దగ్గర గొర్రెలు మేపేవాళ్ళ పిల్లను. ఆ గదికి ఒకటే కిటికీ, దాని ఎదురుగా ప్రహరీ గోడ. పట్టపగలే దీపం కావాలి. మూడు వారాలు బట్టల సంచి కూడా విప్పకుండా చాప మీద కూర్చున్నాను. చివరికి నాయనకు ఫోన్ చేసి, "నేను చదవను, వచ్చి తీసుకుపో" అన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

ఖాలా పక్క గదిలోంచి అంతా విన్నది. విన్నానని దాచుకోనూ లేదు.

"పోతే పోదువులే. ఆదివారం దాకా ఆ సంచి నేలమీద ఎందుకు? అల్మారా చేసుకుందాం రా."

పండ్ల అంగడి వెనక పారేసిన చెక్క పెట్టెలు నాలుగు మోసుకొచ్చాం. కొన్నవి మేకులు, ఉప్పుకాగితం, చిన్న డబ్బా పసుపు రంగు. ఒకదాని మీద ఒకటి పెట్టి మేకులు కొడితే గంటలో అయిపోయే పని అనుకున్నాను. ఖాలా ఉప్పుకాగితం నా చేతిలో పెట్టి, రుద్దమంది. రుద్దాక వేలితో కాదు, వంగి కింది పెదవి ఆనించి చూసేది. గరిటెలు చేసేవాళ్ళ పద్ధతి అది, నోటికి తగిలే వస్తువు కదా.

"అల్మారాను ఎవరు నాకుతారు ఖాలా?"

"ఎవురూ నాకకపోతే ఏంది? గరుకు గరుకే. ఇంకా రుద్దు."

ముక్కు నిండా చెక్కపొడి. మనసులో ఆమెను నానా మాటలూ అనుకున్నాను.

పాత కిటికీ రెక్కకు కాళ్ళు బిగించి రాసుకునే బల్ల మాత్రం నా సొంతంగా చేశాను. ఒక కాలు పొడుగైందని కోశాను. అప్పుడు పక్క కాలు పొడుగైంది. అదీ కోశాను. అట్లా కోసీ కోసీ, చివరికి పీట కంటే జానెడు ఎత్తు మిగిలింది. ఖాలా నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకొని కూలబడింది.

"బాగుండాదిలే బేటీ. కింద కూసోని చదువుకో. కుర్చీ చేసే పని తప్పింది."

నాకూ నవ్వొచ్చింది. ఆ గదిలో నేను నవ్వడం అదే మొదలు. శనివారం పసుపు రంగు వేశాం. కిటికీకి ఆమె పాత వాయిల్ చీర తెరగా కట్టాం. చీకటి గది కాస్త తెరిపిన పడింది.

ఆదివారం నాయన వచ్చాడు. బల్ల ముందు మోకాళ్ళు ముడుచుకొని కూర్చుని, దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఎవురు చేసినారు ఇది?"

"నేనే."

"సంచి ఏది పాపా? బస్సుకు టైమైంది."

సంచి ఖాళీగా ఉంది. బట్టలూ పుస్తకాలూ పసుపు పెట్టెల్లో ఉన్నాయి. పోయేదాన్ని, అవన్నీ ఎందుకు సర్దుకున్నానో నాకే తెలియలేదు. ఒక్క మాట సాయం వస్తుందేమోనని ఖాలా వైపు చూశాను. ఆమె నాయనకు టీ గ్లాసు అందించి, నేలచూపులు చూస్తూ నిలబడింది. భలే కోపం వచ్చింది. ఆ మాట నా నోటితోనే రావాలని ఆమె ఆగిందని అర్థం కావడానికి నాకు ఏళ్ళు పట్టింది.

"ఇంకొక పూత వెయ్యాల నాయనా," అన్నాను. ఆపైన, "నేను ఉంటాను," అన్నాను.

ఈరోజు నలుగురు పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే ఆ పూట ఆమె నోరు విప్పకపోవడం వల్లే. ఆ సంగతి ఆమె ఉండగా నేను ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధ ఉంది.

ఖాలా ఎప్పుడూ నా తలుపు తోసుకొనే వచ్చేది. ఆమె ఇల్లే కదా, ఎవరిని అడగాలి? నాయనను బస్సెక్కించి నేను ఒక్కదాన్నే తిరిగొచ్చిన ఆ సాయంత్రం మాత్రం గడప అవతలే ఆగింది. ఒక చేతిలో సేమ్యా గిన్నె. రెండో చేత్తో తలమీద కొంగు సర్దుకొని, పరాయి ఇంటికి వచ్చిన చుట్టంలాగా అడిగింది.

"లోపలికి రావచ్చునా బేటీ?"