కుట్టేసిన చివరి పేజీలు

చీరకు ఫాల్ కుట్టడం అయ్యాక దారాన్ని పంటితో తెంపుతాను. కత్తెర లేక కాదు, అలవాటు. టక్‌మనే ఆ చిన్న చప్పుడుకు గౌలిపురలో మేమున్న వాకిలి గుర్తొస్తుంది. పచ్చిపేడ వాసన, అద్దె పుస్తకాల అట్టకు పూసిన మైదా జిగురు వాసన, ఆ రెంటి మధ్య నవారు మంచం మీద కూర్చుని నా నోటివంకే చూస్తున్న ఎస్తేరవ్వ గుర్తొస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె మిమ్మల్ని చూసి ఉంటే మాత్రం మీ ఇంటి సంగతులన్నీ ఈపాటికి ఆమెకు తెలిసిపోయి ఉండేవి.

డెబ్బైల మొదట్లో నేను కొత్త కోడలిగా ఆ వాకిట్లోకి వచ్చాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఐదారు ఇళ్లకు ఒకటే నల్లా. ఎదురుగా యాదమ్మ వాళ్ల పాడి ఇల్లు, పక్కనే బర్రెల కొట్టం. మా గోడవతల ఎస్తేరవ్వ ఒంటరిగా ఉండేది. కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. పట్నంలో సగంమందికి బొడ్డు కోసింది తానే కాబట్టి వాళ్ల సంగతులు తనకు తెలియాల్సిందేనని ఆమె లెక్క. ఎవరింట్లో పోపు మాడినా మనకు ముక్కుదాకా వస్తుంది, ఆమె మాత్రం లేచి పొయ్యిదాకా వెళ్లి చూసొచ్చేది. వెనకాల అందరూ సీఐడీ అవ్వ అనేవారు. ఎదురుగా అన్నా ఆమె మురిసిపోయేదే.

ఆమెకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. అందులోనూ ఒక ముసలమ్మ అందరి ఇళ్లలో తలదూర్చి, పోలీసులకు చేతగాని దొంగను పట్టేసే కథలైతే అన్నం కూడా అక్కర్లేదు. కళ్లకు శుక్లాలు వచ్చి అక్షరాలు ఆనేవి కావు. పదో తరగతి చదివిన కోడలు పక్కింట్లో దిగిందని తెలియగానే నాకు నౌకరీ దొరికినట్టే అయింది. నల్లా బంద్ అయ్యాక, మగవాళ్లు తిరిగొచ్చేలోపు మా చదువు సాగేది. అద్దె దుకాణం నుంచి పుస్తకం రాగానే ఆమె మొదట చేసే పని, చివరి పేజీలన్నిటినీ కలిపి సూదీదారంతో కుట్టేయడం. చూపు ఆనకపోయినా ఆమె చెయ్యి తప్పేది కాదు. దొంగ ఎవరో ఇద్దరం చెప్పాకే దారం తెంపాలి. అదీ పంటితోనే తెంపాలి, ఎందుకో తెలియదు.

"చెప్పు బిడ్డా, ఎవలు?" అనేది.

"డాక్టరే అవ్వా. ఊకె నవ్వుతున్నడు."

"నవ్వెటోడు దొంగైతే లోకమంత జైల్లనే ఉంటది. బువ్వ తినే కాడ సూడు. ఎవల పల్లెంల మిగిలింది? తప్పు చేసినోనికి బువ్వ దిగదు."

దారం తెంపి చూస్తే చాలాసార్లు ఆమె చెప్పినవాడే దొంగ. మనిషి మాట కన్నా చేతులు చూడటం, చేతుల కన్నా కంచం చూడటం నాకు ఆమె దగ్గరే అబ్బింది. ఇంత తెలివిగల మనిషి నా పక్కింట్లో ఉన్నందుకు నాకెంతో గర్వంగా ఉండేది.

ఒక ఎండాకాలం యాదమ్మ బంగారు కమ్మలు పోయాయి. పసుపు డబ్బాలో, పసుపు అడుగున దాచి ఉంచేదట. ఆ పొద్దున హుస్సేనీ ఆలం నుంచి ఖాజా వచ్చి, వాకిట్లో కూర్చుని అందరి గిన్నెలకు కళాయి పూసి వెళ్లాడు. ఇంకేముంది, అందరి వేళ్లూ అతని వైపే లేచాయి. "ఇగ వాడు మన గల్లీల అడుగు పెడితే కాళ్లు ఇరగ్గొడ్త" అని యాదమ్మ కొడుకు మల్లేశ్ లొల్లి పెట్టాడు. ఖాజాకు మా గల్లీలే బతుకుతెరువు.

యాదమ్మే కొడుకును ఆపింది. "పోలీసులు వద్దు, లొల్లి వద్దు. మా తాతలనాటి సంది ఉన్నదే చేద్దం. పేడముద్దలు పెడదం" అంది. పాడి ఇళ్లలో అదొక ఆచారం. వాకిట్లో మెసిలిన ప్రతి మనిషీ ఒక పేడముద్ద ఇంటికి తీసుకెళ్లాలి. అనుకున్న రోజు తెల్లవారకముందే ఒక్కొక్కరుగా వచ్చి దాన్ని కొట్టంలో కుప్పగా వేయాలి. ఒకరు వేసేటప్పుడు ఇంకొకరు చూడకూడదు. తెల్లారాక ఇంటి పెద్ద ఆ కుప్పను చిదిమి చూస్తుంది. తీసినవాళ్లు ముద్దలో పెట్టేస్తే వస్తువు దొరుకుతుంది, మనిషి దొరకడు. "నా కమ్మలు నాకొస్తె సాలు. మనిషెందుకు నాకు?" అంది యాదమ్మ. శుక్రవారం అనుకున్నారు. ఖాజాకూ కబురంపితే, వస్తానన్నాడు.

ఎస్తేరవ్వకు మాత్రం ఇది మింగుడుపడలేదు. "దొంగ దొరకని కథ గూడ ఒక కథేనా?" అని మంచం మీద అటూ ఇటూ దొర్లింది. మర్నాడు పసుపు డబ్బా అడిగి తెచ్చి నా చేతికిచ్చింది. "మసి ఉన్నదా సూడు." ఎక్కడా లేదు. కళాయి పూసేవాడి చేతులు మోచేతుల దాకా మసే. "ఖాజా ముట్టలే" అని తేల్చేసింది. ఆ పైన నన్నడిగింది, నల్లా దగ్గర కొత్తగా ఏం చూశావని. యాదమ్మ కోడలు సుగుణ తన వంతు కాకుండా వచ్చి, చీరంతా వదిలి కొంగు కొస ఒక్కటే ఉతుక్కుని వెళ్లిందని చెప్పాను. అవ్వ ముఖం వెలిగిపోయింది. కొంగున మూట కట్టిన కమ్మలకు అంటుకున్న పసుపు మరి ఊరికే పోతుందా?

శుక్రవారం దాకా ఆగితే ఏం పోయేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నవలల్లో ఆఖరున ముసలమ్మ అందరినీ ఒకచోట కూర్చోబెట్టి దొంగ పేరు చెబుతుంది. మాకు అందరూ ఒకచోట చేరేది నల్లా దగ్గరే. గురువారం నీళ్లొచ్చే వేళకు ఎస్తేరవ్వ బిందెల వరుస ముందు నిలబడి, మసి సంగతి, కొంగు సంగతి ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చి, "గిప్పుడు జెప్పు సుగుణా" అంది.

సుగుణ బిందె కింద పెట్టింది. "అవి నా కమ్మలే. మా అమ్మ పెట్టినయి. పెండ్లైన కాన్నుంచి అత్త తన కాడనే దాసుకున్నది. మా చెల్లె పెండ్లిల బోసి చెవులతోని కూసోవద్దని, మా అన్న వస్తె ఇచ్చిన. మళ్ల తెస్తనన్నడు. అడుగుదమంటె భయమైంది" అని ఏడ్చింది. యాదమ్మ సగం నిండిన బిందెతోనే లోపలికి వెళ్లిపోయింది. మల్లేశ్ మాత్రం నలుగురిలో పరువు పోయిందని, పెళ్లాం పెట్టె తెచ్చి గడప బయట పడేశాడు.

శుక్రవారం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే సుగుణ అన్న వచ్చాడు. మొదటి రైలుకు ఫలక్‌నుమాలో దిగి, నడిచి వచ్చాడట. పేడముద్దల మాట అనుకున్న సాయంత్రమే, ముద్దలో పెట్టడానికి కమ్మలు తెమ్మని చెల్లెలు అతనికి కబురు పెట్టింది. కమ్మలు రుమాల్లో కట్టి ఉన్నాయి. కొట్టంలో కుప్ప లేదు, వాకిట్లో ఎవరి గడప దగ్గర వాళ్ల ముద్ద ఎండిపోయి ఉంది. అతను కమ్మలు యాదమ్మ అరుగు మీద పెట్టి, చెల్లెలి పెట్టె నెత్తికెత్తుకుని ఆమెను వెంటబెట్టుకుపోయాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఎస్తేరవ్వ మంచం మీంచి లేవలేదు.

తర్వాతి నెల ఖాజా వచ్చాడు. అవ్వ అతనికి చాయ్ ఇచ్చి, అతను ఏదో అంటాడని ఎదురు చూసింది. చాయ్ తాగి కప్పు కింద పెట్టి అన్నాడు: "నన్ను చోర్ అంటే నేను ఇంకో గల్లీ చూసుకుంటుంటి అమ్మా. ఆ పిల్లకు ఇంకో గల్లీ యాడుంది?"

ఆ వారమే ఆమె రైలెక్కి సుగుణ పుట్టింటికి వెళ్లింది. నన్నూ తోడు తీసుకెళ్లింది. సుగుణ మంచినీళ్లిచ్చింది, మంచం వాల్చింది, కోపం చూపలేదు. ఇంటికి రమ్మని అవ్వ బతిమాలితే, "అందరి ముంగట అంటివి అవ్వా. అందరి ముంగటికి ఎట్ల రావాలె?" అంది. వచ్చేటప్పుడు రైల్లో అవ్వ కిటికీవైపు తిరిగి కూర్చుంది. పేగు మెడలో వేసుకున్న ఎంతమందో బిడ్డలను బయటికి లాగిన చేతులవి, ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. ఏడాది తిరక్కుండా మల్లేశ్‌కు ఇంకో పెళ్లి చేశారు.

మా చదువు ఆగలేదు. చివరి పేజీలు కుట్టడమూ ఆగలేదు. తెంపడం ఒక్కటే ఆగిపోయింది. కుట్టుదాకా వచ్చాక, "సాలు బిడ్డా, మూసెయ్" అనేది. చివర్లు చదవకుండానే పుస్తకాలు వాపస్ చేస్తున్నారేంటని దుకాణం అతను నవ్వేవాడు. ఎనభైల్లో అతను దుకాణం ఎత్తేస్తూ ఒక నవల అవ్వకే వదిలేశాడు. ఆమె పోయాక అది నా దగ్గరికి వచ్చింది.

మా ఆయన పోయిన తర్వాత నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేశాను. ఒకసారి ఒక పిల్ల వాచీ పోయింది. ఎవరు తీశారో మధ్యాహ్నం భోజనాల దగ్గరే నాకు తెలిసిపోయింది. కంచాలు చూడటం నేర్పిన గురువు అలాంటిది మరి. అయినా వంటమనిషితో చపాతీ పిండి కలిపించి పిల్లకో ముద్ద ఇచ్చాను. తెల్లారి గంగాళంలో ఒక్కొక్కరూ ముద్ద వేసి వెళ్తుంటే, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. వాచీ దొరికింది. "ఎవరు మేడమ్?" అని పిల్లలు అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ పిల్ల ఆ ఏడు పరీక్ష రాసి పాసైంది.

అవ్వ పుస్తకం బీరువాలో ఉంది. దొంగ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న దులుపుతుంటే పాత దారం పుచ్చి, చివరి పేజీలు వాటంతటవే విచ్చుకోబోయాయి. సూదిలో కొత్త దారం ఎక్కించి మళ్లీ కుట్టేశాను.