తడి దుప్పట్ల నడుమ పెట్రోలు ట్యాంకీ

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత మాలీ పటేల్. ఊరి శిస్తు మా కచేరీ గడప దాటాకే సర్కారుకు చేరేది. నాన్న పోలీస్ పటేల్. ఆ హోదాలను సర్కారు రద్దు చేశాక కూడా ‘పటేలా’ అని పిలిస్తే తప్ప ఆయన తల తిప్పేవాడు కాదు. నేను మాత్రం గోదావరిఖనిలో భూగర్భ గనిలో సూపర్‌వైజర్‌ని. బొగ్గు దుమ్ము లేవకుండా దారుల్లో నీళ్లు కొట్టించడం నా పని. ఉంటున్న క్వార్టరు కంపెనీది. మాదంటూ మిగిలింది నాన్న నడిపిన మోటారు సైకిలు ఒక్కటే.

దానిది ముదురు ఆకుపచ్చ. మా ఇంటి దర్వాజాలకు వేయించిన రంగే నాన్న దానికీ వేయించాడు. ఇక్కడి ఎండలకు అది పొట్టులా లేచిపోయి, ట్యాంకీ అడుగున తుప్పు పట్టింది. పెద్దపల్లిలో పెదనాన్న మనవరాలి పెళ్లి కుదిరినప్పుడు ఆ బండి మీదే వెళ్దామన్నాను. పాలివాళ్లంతా వచ్చే పెళ్లికి మా ఇంటివాడు బస్సు దిగి నడిచి రావడం నాకు ఇష్టం లేదు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. “దాని మీద నేనెక్క. పాత ఇనుప సామాన్లు కొనెటోళ్లు వచ్చిండ్రనుకుంటరు. పెండ్లి నాటికి మంచిగైతే ఉంచుకోండ్రి. కాకుంటే అమ్ముడే. ఇగ మాట తప్పద్దు.”

సరేనన్నాను. మాట తప్పడం మా ఇంట్లో లేదు.

బస్టాండు దగ్గరి మెకానిక్ బండి చుట్టూ తిరిగి చూశాడు. “ఇడ్సిపెట్టి పొండ్రి సాబ్. లాల్ రంగు కొట్టేస్త, బాజూల రెండు తెల్లగీతలు. ఏక్‌దం కొత్త పెండ్లికొడుకు!”

“ఆకుపచ్చ కావాలి.”

“పచ్చనా? గది మిలిట్రీ జీపులకు సాబ్!”

అతని తండ్రి మా ఇంటి జట్కా తోలినవాడు. మా బండి రంగు అతను నిర్ణయిస్తాడా? రంగు డబ్బా, థిన్నరు, సొట్టలు పూడ్చే లప్పం, రుద్దడానికి గరుకు కాగితాలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను.

ట్యాంకీ, సైడు డబ్బాలు, మడ్గార్లు విప్పి వాకిట్లో కూర్చున్నాను. పాత రంగు గీకేసరికి వేలి కొసలు చిట్లాయి. సొట్టలో నున్నగా పూసిన లప్పం ఆరాక మళ్లీ కుంగేది. మళ్లీ పూయడం, మళ్లీ రుద్దడం. దోమల మందు కొట్టే చేతిపంపులో రంగు పోసి కొడితే సన్నటి తుంపరకు బదులు చీమిడి చుక్కల్లా పడింది. థిన్నరు పోసి పలచన చేస్తే పంపు దారికొచ్చింది కానీ, గాలి దారికి రాలేదు. మా క్వార్టర్లు బొగ్గు యార్డుకు దిగువన ఉంటాయి. మధ్యాహ్నం ఒక్క గాలి విసురు వచ్చి, తడి రంగు మీద నువ్వులు చల్లినట్టు బొగ్గు నలుసులు అంటుకున్నాయి. మొత్తం గీకేశాను.

ఈసారి దుమ్ముకు తావే ఇవ్వకూడదనుకున్నాను. వాకిలంతా బిందెలతో నీళ్లు కుమ్మరించి, నాలుగు వైపులా దండేలు కట్టి తడిపిన దుప్పట్లు వేలాడదీశాను. నడుమ స్టూలు మీద ట్యాంకీ. పక్క క్వార్టరులోని బొగ్గు కార్మికుడు గోడ మీదికి వంగి చూశాడు. మా ఊరివాడే, వాళ్ల నాన్న మా పశువులు కాసేవాడు. గనిని ఇక్కడ అందరూ బాయి అన్నట్టే అతనూ అంటాడు.

“ఏంది పటేలా, బాయిల చాలదని ఇంట్ల గూడ నీళ్లు కొట్టిస్తున్నవా? ట్యాంకీ బాలింతనా ఏంది, చుట్టూ దుప్పట్లు గట్టినవ్?”

“దుమ్ముకు మందు నీళ్లే. నాకు తెలియదా?” అన్నాను. అది నా ఉద్యోగం మరి.

నిజంగానే ఒక్క నలుసు పడలేదు. తడి రంగులో నా ముఖం కనిపించింది. ఆరుతున్న కొద్దీ మాత్రం ట్యాంకీ మీద ఎక్కడిదో తెల్లటి పొర లేచింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. కొబ్బరినూనె రాశాను. నూనె ఉన్నంతసేపు పచ్చగా ఉండి, మళ్లీ తెల్లబడింది. దుమ్మును ఆపిన తడే రంగులోకి దిగింది.

“మామిడికాయ తొక్కుల నీళ్లు వడ్డట్టుంది పటేలా! బూజు వట్టింది!” పక్కింటివాడు తన ఇంటావిడను కూడా పిలిచి చూపించాడు.

మా ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “మళ్ల గీకుతరా?” అంది.

“గీకుతాను.”

గీకాను. అప్పటికి రంగు డబ్బా అడుగంటింది. మళ్లీ కొని తేవడానికి డ్యూటీ అడ్డొచ్చింది, డ్యూటీ దిగేసరికి దుకాణం మూసి ఉంది. పెళ్లినాడు ట్యాంకీ గీతలు పడ్డ ఉత్త ఇనుములా స్టూలు మీదే ఉంది. ఇస్త్రీ చేసిన లాల్చీ నలగకుండా బస్సులో పెద్దపల్లి దాకా నిలబడే వెళ్లాను. పందిట్లో పెదనాన్న కొడుకు చేతులు పట్టుకుని, “తమ్మీ, మీ బాపు బండి తేలేదా?” అని అడిగాడు.

“రంగుకిచ్చాను,” అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసి పక్కకు తిరిగింది. ఇంటికొచ్చాక కూడా బండి ఊసెత్తలేదు. ఇచ్చిన మాట గుర్తు చేయించుకునే దాకా తెచ్చుకోకుండా, బండి అమ్ముతున్నానని నేనే నలుగురికీ కబురు పెట్టాను.

ఆషాఢంలో బండి అమ్మేశాం. జ్యోతినగర్ ఇంజనీరు ఒకాయన కొన్నాడు. ట్యాంకీ, సైడు డబ్బాలు, మడ్గార్లు గోనెసంచుల్లో కట్టి విడిగా ఇచ్చాం.